ఏడు వారాల లేకింగ్

మా లోయలో ‘లేకింగ్’ అంటే పిల్లలు ఆడుకోవడం. మిల్లుకు నూలు రాక, మగ్గం ఆగి, కూలి లేకుండా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినా అదే మాట. “మీ ఆయన పనికెళ్లాడా?” “ఎక్కడమ్మా, లేకింగే.” ఇంగ్లండు ఉత్తరాన, యార్క్‌షైర్‌లో మా వాళ్లకు ఈ రెండో అర్థమే ఎక్కువ తెలుసు.

సెలీనా సగ్డెన్‌ది నా పక్క మగ్గం. మోతలో మాట వినబడక మేం పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం. సెలీనా తిట్లు మాత్రం మోతను దాటి వినిపించేవి. భర్త యుద్ధంలో పోయాడు, ఒక్కడే కొడుకు, తల్లి మంచం పట్టింది. 1929 చలికాలంలో మిల్లు ఆగిపోయింది. ఏడు వారాలు గడిచాక నిరుద్యోగ భృతి కమిటీ మమ్మల్ని పిలిచింది, నిజంగా పని వెతుకుతున్నామో లేదో తేల్చడానికి.

పెద్ద కుర్చీలో దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన దొర. పక్కన రాసుకునే గుమాస్తా హెరాల్డ్ క్రౌథర్. వాడు సెలీనా వీధిలోనే పుట్టాడు. వాళ్లమ్మ జబ్బుపడిన ఏడాదంతా సెలీనా తల్లే వాడికి జావ పోసి పెంచింది. నా వంతు తర్వాతిది కనుక నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.

“ఈ ఏడు వారాలూ ఏం చేశావు?” అన్నాడు దొర.

“లేకింగండీ.”

దొర గుమాస్తా వైపు తిరిగాడు. “అంటే ఏమిటి?”

హెరాల్డ్ తల ఎత్తలేదు. “ఆడుకోవడమండి,” అన్నాడు, పట్నం యాసలో.

“ఒరేయ్ హెరాల్డ్, రెండోది కూడా చెప్పరా!”

“నాకు తెలిసింది అంతేనండి.” ఆ ‘అండి’ దొరకు, సెలీనాకు కాదు.

“ఏడు వారాలు ఆడుకున్న మనిషికి భృతి ఎందుకు?” అంటూ దొర కాగితం పక్కన పడేశాడు. సెలీనా ఏదో చెప్పబోయింది. “తర్వాతివాళ్లు!” అని దొర కేకేశాడు. లోపలికెళ్లి “మగ్గం ఆగిపోయిందండీ” అని మాత్రం అన్నాను. నా భృతి నాకు దక్కింది. ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఆదివారం ప్రార్థన ముగిసి జనం బయటికొస్తుంటే సెలీనా మెట్ల మీదే హెరాల్డ్ కోటు పట్టుకుంది.

“మిల్లు ఆగిన ఆ గడ్డు ఏడాది మీ నాన్న ఇంట్లో కూర్చున్నాడే, ఏం చేశాడ్రా? గోలీలాడాడా?”

“మెల్లగా, సెలీనా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! వాళ్లు చూడాలనే ఇక్కడ పట్టుకున్నా.”

“ఆ మాట నాకొచ్చని తెలిస్తే ఆఫీసులో నన్నెవరు లెక్కచేస్తారు?”

“అయితే మా అమ్మ పోసిన జావ కూడా కక్కెయ్, ఇక్కడే!”

వాడు కోటు విడిపించుకుని వెళ్లిపోయాడు. ఆ నెల సెలీనా ఇంట్లో బొగ్గు అయిపోయి కుర్చీలు విరిచి పొయ్యిలో పెట్టింది. చివరికి నేతగాళ్ల సంఘం అప్పీలు చేసింది, మా పాస్టరు వెళ్లి రెండో అర్థం చెప్పాడు. దాన్ని కాగితం మీద రాసుకున్నది హెరాల్డే. భృతి వచ్చింది, కానీ తల్లి అప్పటికి పదకొండు రోజుల కిందటే పోయింది. ఛాతీలో చలి చేరింది.

తర్వాత ముప్పై ఏళ్లు సెలీనా వాడితో మాట్లాడలేదు. వాడు ఎదురైతే రోడ్డు దాటేది.

ఉద్యోగం అయిపోయాక హెరాల్డ్ లోయ మాటలన్నీ పోగేసి చిన్న పుస్తకం అచ్చువేశాడు. దాన్ని పట్టుకుని ఆమె గుమ్మానికొచ్చాడు. నేనక్కడే టీ తాగుతున్నాను.

“నీ మాట పెట్టాను, సెలీనా. రెండర్థాలూ పెట్టాను.”

ఆమె నిలబడే పేజీ తిప్పింది. రెండో అర్థం పక్కన ‘ఇప్పుడు వాడుకలో లేదు’ అని ఉంది.

“ఎవరి వాడుకలో లేదురా? పోయిన వారమే మా కోడలు అంది. నేనింకా చావలేదే!”

పుస్తకం వాడి ఛాతీకేసి కొట్టి తలుపు వేసింది. వచ్చి కూర్చుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, మళ్లీ లేచి గడియ కూడా పెట్టింది.