వరసలో కూర్చున్న ఫోన్లు

జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు లారీవాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకోకుండా లోడు ఎత్తుకున్న రోజే మా రాజ్యశ్రీ మొదటి గెలుపు. చిన్న పని అనుకునేరు. వీరులపాడు బడిలో ఐదో తరగతి చదివి, మా చుట్టుపక్కలకి పది టైర్ల బండి మొదట తెచ్చినవాణ్ణి, లారీ ఓనర్ల సంఘానికి మూడుసార్లు ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి, నావల్లే కాలేదు. వరసకి చీటీలిస్తే చీటీలు అమ్ముకున్నారు. బోర్డు మీద నంబర్లు రాయిస్తే తుడిచేశారు. అలాంటి ఘనులు మావాళ్ళు.

రాజ్యశ్రీ మా తమ్ముడి కూతురు. ఇంజినీరింగు చదివి, నందిగామలో పురుగుమందుల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని, డ్రైవర్ల ఫోన్లకి ఒక యాప్ తయారుచేసింది. లోడు దింపిన డ్రైవరు అందులో మీట నొక్కితే తర్వాతి లోడుకి వరసలో చోటు దొరుకుతుంది. వంతు వచ్చేసరికి ఫోను గేటు దగ్గరుండాలి. అంతే. ఈ ముక్క డ్రైవర్ల తలకెక్కించడానికి ఏడాదిపాటు గేటు ముందు ఆ దుమ్ములో నిలబడింది.

ఫోను ఎక్కడుందో కనిపెట్టే భాగం మాత్రం ఆమె రాసింది కాదు. అలాంటివి పెద్ద కంపెనీలు రాసి పెడితే తెచ్చి బిగించుకుంటారట. దాన్ని లైబ్రరీ అంటారు. లారీ కొన్నవాడు గేరుబాక్సు తనే తయారుచేసుకుంటాడా? ఇదీ అంతే. ఆ కంపెనీ కొత్త వెర్షను తెచ్చి, పాతది మార్చి నెలాఖరుతో ఆగిపోతుందని చెప్పేసింది. బాగా నడిచేదాన్ని ఆపడం వాళ్ళకో సరదా. రాజ్యశ్రీ చలికాలమంతా కూర్చుని యాప్‌ని కొత్త లైబ్రరీకి మార్చింది.

ఫిబ్రవరిలో కొత్త యాప్ ఫోన్లలోకి ఎక్కింది. వెంటనే గోల. వరసలో ఉన్న లారీలు ఉన్నట్టుండి మాయమైపోతున్నాయట. సంఘానికి ఇప్పటి సెక్రటరీ సతీష్‌బాబు. తండ్రి సంపాదించిన లారీలకు ఓనరు. డ్రైవింగు సీట్లో మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది అతనే.

"చింతూరు అడవి దారుల్లో సిగ్నల్ పోగానే నీ కొత్త యాప్ వరస పోగొడతంది. పాతదే ఇచ్చెయ్యమ్మా."

"పాతది ఏప్రిల్ నుంచి పనే చెయ్యదన్నా."

"అయితే మళ్ళీ చీటీలే."

చీటీలు వచ్చాయంటే నందిగామ గదికి తాళం పడ్డట్టే. పిచ్చిపిల్ల సిగ్నల్ మాట నమ్మింది. రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది. ఫోనులో సిగ్నల్ ఆపేసి చందర్లపాడు దాకా స్కూటీ మీద తిరిగొచ్చింది. వరస చెక్కుచెదరలేదు. తప్పెక్కడుందో తెలియక తిండి మానేసింది.

ఈలోగా ఒకనాడు నా లారీ సంగతి చూద్దామని గేటు దగ్గరికి వెళ్ళాను. లారీ లేదు. సీతారావమ్మ టీ కొట్లో బల్ల మీద మాత్రం అప్పడాలు ఆరబెట్టినట్టు ఫోన్లు పరిచి ఉన్నాయి. ప్రతిదాని వెనకా లారీ నంబరు రాసిన చీటీ అంటించి ఉంది.

"ఏంటమ్మా, సెల్లు షాపు పెట్టావా?"

"డ్రైవర్లవండి. యాప్ కోసం ఇదొకటి, మాట్టాడుకోడానికి ఇంకోటి. బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు దీన్ని ఇక్కడ పెట్టిపోతారు. వంతు దగ్గర పడితే నేను కబురు చేస్తా."

"మరి లారీలు?"

"వత్సవాయిలో వడ్లు తోలుతున్నాయండి. ఇదిగో, మీ సొలొమోను ఫోను. టీ తాగుతారా?"

సొలొమోను నా డ్రైవరు. టీ నాకు సహించలేదు.

రాజ్యశ్రీని తీసుకొచ్చి ఆ బల్ల చూపించాను. ఒక ఫోను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త లైబ్రరీ ఫోను కదులుతోందో లేదో కూడా చెబుతుంది పెదనాన్నా. ఎంతకీ కదలకపోతే డ్రైవరు పారేసుకున్నాడనుకుని వరసలోంచి తీసెయ్యమని నేనే రాశా," అంది. చూశారా? బల్ల మీది ఫోన్ల లారీలే మాయమవుతున్నాయని మిగతా ఓనర్లకి తెలుసు, డ్రైవర్లకి తెలుసు. లారీ లేకుండా ఫోన్ని కూర్చోబెట్టామని చెప్పడానికి నోరు రాక, నేరం అడవి మీదికి తోశారు.

మర్నాడు మీటింగులో సొలొమోనుని నిలదీశాను.

"బండి ఒక్క పూట ఖాళీగా ఉండకూడదంది మీరే కదండీ," అన్నాడు.

"ఫోన్ని కూర్చోబెట్టమన్నానంట్రా?"

"ఫోను కూర్చుంటేనే బండి తిరిగేదండి."

అందరూ నవ్వారు. సిగ్గుపడాల్సినచోట నవ్వడం మా సంఘానికి అలవాటే. అయినా సతీష్‌బాబు దిగిరాలేదు.

"ఫోన్ల గొడవ పక్కనపెట్టు. అడవిలో వరస పోదని ఏంటి నమ్మకం?"

"అయితే నేనే లారీ ఎక్కుతా," అంది రాజ్యశ్రీ. "చింతూరులో లోడు దింపి మీట నొక్కుతాం. అడవంతా దాటి గేటు దగ్గరికొచ్చేసరికి మా చోటు పోతే యాప్ తీసేసి చీటీలు రాసుకోండి. పోకపోతే మాత్రం ఆ ఫోన్లన్నీ బల్ల మీంచి తీసి బండ్లలో పెట్టుకోవాలి."

"ఆడపిల్లవి, లారీలోనా!"

"నువ్వెప్పుడన్నా ఎక్కావా?" అన్నాను. సతీష్‌బాబు తన సెల్లు చూసుకున్నాడు. పందేనికి మాత్రం ఒప్పుకోక తప్పలేదు.

గురువారం పొద్దున్నే సిమెంటు లోడుతో నా బండిలోనే బయలుదేరారు. సొలొమోను భార్య జాయిస్ తోడు వెళ్ళింది. నిన్న చింతూరు నుంచి రాజ్యశ్రీ ఫోన్ చేసింది. లోడు దింపారు, మీట నొక్కారు, ఇక అడవిలోకి వస్తున్నామంది. ఆ తర్వాత ఆమె ఫోను పలకడం లేదు. సతీష్‌బాబు అప్పుడే చీటీలు అచ్చుకిచ్చాడని విన్నాను. ఇచ్చుకోనీ. బండి గేటు దగ్గరికి రావాల్సింది ఇవాళే, 2026 మార్చి 14, శనివారం.