లెక్క మధ్యలో పలకడు

మా బాబాయి కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి బతికిస్తాడు. చుట్టేటప్పుడు మాత్రం ఇల్లు అంటుకున్నా పలకడు. పిలిస్తే ఆగమన్నట్టు చూపుడువేలు పైకెత్తుతాడు, అంతే. ఆ వేలు చూసి చూసి పిన్నికి ఒళ్ళు మండేది.

"నాకు పురిటినొప్పులొస్తుంటే కూడా ఆ వేలే చూపించాడమ్మా మహానుభావుడు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "పని పూర్తయ్యాక గానీ ఆటో పిలవలేదు!"

బాబాయిది తప్పు కాదని నేననను. కానీ ఆ పని అలాంటిది. మోటారు గుల్ల లోపల తీగచుట్టలు గుండ్రంగా కూర్చుని ఉంటాయి. కరెంటు పారితే అవి అయస్కాంతాలవుతాయి. ఒకదాని తర్వాత ఒకటి బలం పుంజుకుంటుంటే ఆ లాగుడు గిర్రున తిరుగుతుంది. నడుమ తిరిగే ఇనుప దిమ్మె, అదే రోటరు, చుట్టలను ముట్టుకోకుండానే ఆ లాగుడు వెంట పరిగెడుతుంది. ఏ చుట్టలోనైనా చుట్లు తగ్గాయా, మోటారు వేడెక్కి మళ్ళీ కాలుతుంది. చుట్టే మిషను మీద లెక్క చూపే ముల్లు ఎప్పుడో పాడైంది. బాబాయి తన నోటినే నమ్ముకుని పైకి లెక్కపెట్టేవాడు. తప్పితే మొత్తం విప్పి మొదటికొచ్చేవాడు. దుకాణానికీ వంటగదికీ మధ్య పలచటి చెక్కగోడే అడ్డం. ఇన్నేళ్ళూ పిన్ని ఆ అంకెలు వింటూనే వండింది, వింటూనే తిట్టింది.

అలాంటి పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. "మాట్లాడిస్తూ ఉండండి. ఆలస్యమైతే ఇక రావడం కష్టం," అన్నాడు డాక్టరు. బాబాయికి కబుర్లు చెప్పడం చేతనైతే కదా! మంచం పక్కన కూర్చుని "అన్నం తిన్నావా?" అని అడిగి, తినిపించింది తానేనని గుర్తొచ్చి నాలిక్కరుచుకునేవాడు.

చివరికి మిషను తెచ్చి మంచం పక్కనే బిగించాడు. ఇంకేమీ తోచక, రోజూ అక్కడే లెక్కపెడుతూ తీగ చుట్టేవాడు. పిన్ని చూస్తూ పడుకునేది. పెదవి కదిలేది కాదు.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. "నలభై అయిదు, నలభై ఆరు..." అంటుండగా, నీళ్ళ మోటారు ఇచ్చిన మనిషి వీధిలోంచి కేకేశాడు. "మేస్త్రీ, అయిందా మా మోటారు?"

వేలెత్తబోయి బాబాయి పిన్ని వైపు చూశాడు. ఆమె ఆ వేలునే చూస్తోంది. అంతే, లెక్క ఎగిరిపోయింది.

"నీ మోటారు తగలెయ్య! మళ్ళీ మొదటికొచ్చింది," అని విసుక్కుంటూ తీగ విప్పబోయాడు.

"న... నలభై... ఏడు."

మంచం మీంచి వచ్చింది ఆ బొంగురు గొంతు. బాబాయి చెయ్యి మిషను పిడి మీదే ఆగిపోయింది.

"ఏమన్నావే? ఇంకోసారి అను! తిట్టు, పోనీ, తిట్టవే!"

మళ్ళీ అందిన లెక్క మధ్యలో ఆయన నోటివెంట అంకె కాని మాట రావడం అదే మొదలు. ఆయనా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. వీధిలో ఆ మనిషి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఆ చుట్ట విప్పలేదు. ఎవరి లెక్కనూ నమ్మని బాబాయి, పిన్ని చెప్పిన అంకె నుంచే పిడి తిప్పాడు. ఆ మోటారు ఇప్పటికీ వేడెక్కకుండా తిరుగుతోంది.

ఇప్పుడు లెక్కంతా పిన్నిదే. మిగతా మాటలు తడుముకుంటూ వస్తున్నాయి గానీ అంకెలు మాత్రం గడగడా చెప్పేస్తుంది. నిన్న ఆమె అలా లెక్కపెడుతుంటే, బాబాయి ఉండబట్టలేక అడిగాడు. "గొంతెండిపోతోందేమో, కాసిని మంచినీళ్ళు తాగుతావా?"

పిన్ని ఆయన వైపు చూడకుండానే ఎడమచేతి చూపుడువేలు పైకెత్తింది.