హారన్ కొట్టని డ్రైవరు

ఆ సిటీ బస్సు డ్రైవర్ని రూటంతా ‘మౌనస్వామి’ అంటుంది. ఆయన హారన్ కొట్టడు. ఎవరు అడ్డమొచ్చినా బ్రేకు మీద కాలేసి, మెడలో తువ్వాలుతో స్టీరింగ్ తుడుస్తూ కూర్చుంటాడు. “హారన్ తుప్పు పట్టిపోతుంది బాబాయ్!” అని కండక్టరమ్మాయి దెప్పినా నవ్వి ఊరుకుంటాడు. పోయినేడు ఆయన తమ్ముణ్ణి దొంగ అనుకుని గుంపు కొట్టి చంపింది. న్యాయం అడగబోతే స్టేషన్లో ఈయన వీపు చిట్లగొట్టారు. దాని మీద ఒక గాయని పాట కడితే ఊరంతా పాడింది. బస్సుల్లో ఆ పాటే మోగుతోందని పోలీసులు స్పీకర్లన్నీ పీకించేశారు. అప్పుడూ ఆయన పల్లెత్తు మాట అనలేదు.

నిన్న సరిగ్గా ఆ స్టేషన్ ముందే ఎర్రదీపం పడింది. ఆయన స్టీరింగ్ తుడిచి, తువ్వాలు భుజాన వేసుకుని, హారన్ మీద అరచెయ్యి ఆనించాడు. పాం పాం పపాం! అది ఆ పాట పల్లవి. వెనక లారీ అందుకుంది, ఆటోలు అందుకున్నాయి, స్కూటర్లు కీచుగొంతులతో కలిశాయి. పచ్చదీపం వెలిగినా ఒక్క బండీ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఎవడ్రా మొదలెట్టింది? నువ్వేనా?”

కండక్టరమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టింది. “మా బాబాయా? ఆయనకి హారన్ కొట్టడమే రాదండీ! కావాలంటే ఊరంతా అడగండి.”

“అవునండీ!” అంది బస్సు బస్సంతా. మౌనస్వామి తువ్వాలుతో స్టీరింగ్ తుడుస్తున్నాడు. ఈలోగా వెనక లారీ చరణం ఎత్తుకుంది.