ఆళ్లగడ్డలో గోనెసంచులు కప్పుకున్న బొమ్మలు

పాణ్యంలో మా వీధి గుళ్లో ఆంజనేయస్వామి విగ్రహం బీటలు వారింది. కొత్తది చేయించే పని వీధివాళ్లు నా నెత్తిన పెట్టారు. ప్రతిష్ఠకు నెలన్నరే ఉంది. పొద్దున ఏడింటికి బయల్దేరి, నంద్యాలలో బస్సు మారి తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగాను. రెండు టికెట్లూ కలిపి నూటయాభై దాటలేదు.

మా పాత విగ్రహం చెక్కిన నాగలింగాచారి షెడ్డులో ఉలి చప్పుడే లేదు. గోడ పొడవునా గోనెసంచులు కప్పిన బొమ్మలున్నాయి. “ఏందన్నా ఇవి?” అని అడిగాను.

“నాయకుల బొమ్మలప్పా. ఊరూరికీ కావల్లని సర్కారోళ్లు చెప్తిరి. బేగా కావల్లంటే గుడి పనులన్నీ వద్దంటి. ఓట్లప్పుడు మొగాలు కప్పమనిరి. సర్కారు మారె. మల్ల ఎవురూ రాల్యా.”

ఆయన దగ్గర పనిచేసినవాళ్లు బెంగళూరులో గ్రానైటు పరుస్తున్నారట. గుళ్లవాళ్లు వేరే శిల్పులను చూసుకున్నారు. ప్రభుత్వం చేతివృత్తులను ఆదుకుంటోందని అప్పట్లో నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు ఒళ్లు మండుతోంది. సొంత డబ్బుతో విగ్రహం చేయించుకున్న ఊరు, గోపురం కట్టేటప్పుడు మళ్లీ అదే శిల్పిని వెతుక్కుంటూ వస్తుంది. జనం డబ్బుతో కొనేవాడికి ఎన్నికల దాకానే అవసరం. వాడు వస్తూ మిగతా గిరాకీని తరిమేశాడు, పోతూ దాన్ని తిరిగి తెచ్చివ్వలేదు.

ఒక సంచి తొలగించి చూశాను. నల్లటి మేలైన రాయి, మాకు సరిపోయే ఎత్తు. మొహం సగమే తేలింది.

“దీన్నే స్వామిగా మార్చరాదా? గడువులోపల అయిపోతుంది.”

ఆయన గోనెసంచిని మళ్లీ కప్పేశాడు. “మనిషి మొగం చెక్కిన రాయిలో దేవున్ని తీయకూడదప్పా. నేను చెప్పకుంటే ఈ శాస్త్రం మీకు తెల్దు. కానీ మొక్కేది మీరు గదా.”

కొత్త రాయి తెప్పించి ఒంటిచేత్తో చెక్కితే మూడు నెలలు పడుతుందట. పక్క వీధిలోని ఇంకో శిల్పి పేరు ఆయనే చెప్పి, సందు చివరిదాకా వచ్చి దారి చూపించాడు. గడువులోపల ఇచ్చేటట్లు విగ్రహం అక్కడే కుదిరింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా మనసు కుదుటపడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన గడప తొక్కిన గుడి పనిని ఆయన చేతులతోనే పక్క వీధికి పంపించాను. మీరు విగ్రహం కోసం ఆళ్లగడ్డ వెళ్లేటట్లయితే ముహూర్తం పెట్టుకోకముందే వెళ్లండి. మూడు నెలలు ఆగగలిగితే, ఉలి చప్పుడు వినిపించని షెడ్డులోకి ముందు వెళ్లండి.