దీర్ఘం పోయిన వంతెన

పాలకేంద్రం తలుపు మీద 'ఇచ్చట పలు అమ్మబడును' అని కనబడితే ఆవిడ సైకిల్ దిగింది. "ఏ పలువరస బాబూ, పైదా, కిందిదా?" అని అడిగి, సంచిలోంచి కుంచె తీసి, 'ప'కి దీర్ఘం పెట్టి మరీ కదిలింది. ఆ రోజు నుంచి ఊరంతటికీ దీర్ఘాలమ్మ అయింది.

రోడ్ల శాఖ వాళ్ళ రాళ్ళకి రంగు దిద్దడం ఆవిడ పని. మైలురాళ్ళ మీద అంకెలు, చరిత్ర రాళ్ళ మీద అక్షరాలు. ఫలానా ఏడు వరద ఇక్కడి దాకా వచ్చింది, ఈ ఊరి మొదటి బడి ఈ చోట ఉండేది... ఇలాంటివి. దారిన పోయేవాళ్ళు వాటికి సైకిళ్ళు ఆనించడమే గాని చదివింది తక్కువ. ఆవిడ మాత్రం ముందు చెక్కిన గాడిలో వేలు పెట్టి అక్షరం పోల్చుకుని, ఆ తర్వాతే రంగు ముట్టేది. "కన్ను మోసం చేస్తుంది. వేలు చెయ్యదు" అనేది.

ఆ బుద్ధి మొదటి రోజు నుంచీ లేదు. పంతొమ్మిదో ఏట దిద్దిన మొట్టమొదటి రాయి ఏటి వంతెన దగ్గరది. దాని మీద 'కూలిన వంతెన' అని ఉంది. అంటే, ఉందని అప్పుడనుకుంది.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ ఆ రాయిని పెకలించి, ఆవిడ షెడ్డులో దించారు. పక్కన కొత్త నల్లరాతి పలక. దాని మీద రాయాల్సిన ముక్క టైపు కొట్టిన కాగితం మీద వచ్చింది: 'కూలిన వంతెన'. పాత రాయిలో సగం ఇన్నాళ్ళూ మట్టిలోనే ఉండిపోయింది. ఆవిడ కుంచె పట్టకముందే, రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా ఒక్కో వరస మునిగిపోయింది. మట్టి కడిగితే, నిన్న చెక్కినంత స్పష్టంగా కింది వరసలు బయటపడ్డాయి.

'పడవ మునిగిన ఏడాది, నూట పన్నెండు మంది కూలీలు కూలి పుచ్చుకోకుండా కట్టినది.'

కట్టినదైతే, కూలినదని ఎందుకు చెక్కుతారు? ఆవిడ పై వరసలో రంగు గీకింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేలా రాయిని తిప్పి, నీళ్ళు చల్లి, వేలు పెట్టింది. 'లి' గుడి మీద సన్నటి మెలిక తగిలింది. అది 'లీ'. ఆ పక్క అక్షరం సగం అరిగిపోయిన 'ల'. కూలిన వంతెన కాదు, కూలీల వంతెన!

పంతొమ్మిదో ఏట ఆ రాయి దిద్దిన రోజు, తన చంటిపిల్ల పాల కోసం గుక్కపట్టి ఏడుస్తుంటే, కంటికి ఎలా కనబడితే అలా దిద్దేసి లేచింది. అంతే. ఊరు ఊరంతా దాన్నే పట్టుకుంది. ఎప్పుడు కూలిందో ఎవరికీ తెలీదు గాని, కూలిందని అందరికీ తెలుసు.

ఆ చంటిపిల్లకి ఇప్పుడు పది నెలల పాప. ఏటికి అవతల రక్తపరీక్షల లాబ్‌లో ఉద్యోగం. పాప పుట్టాక వంతెన ఎక్కడం మానేసి, రెండు బస్సులు మారి చుట్టూ తిరిగి వెళ్తోంది. "ఒకసారి కూలింది మళ్ళీ కూలదని ఎవరమ్మా రాసిచ్చింది?" అంటుంది.

రాసిచ్చింది తనే, అదీ తప్పుగా.

ఎవరూ చూడలేదు. మళ్ళీ ఇంత రంగు పూసేస్తే ముప్పై ఒక్క ఏళ్ళ పరువు పదిలం. బయటపడితే ఇంకేముంది, ఊరందరి దీర్ఘాలూ దిద్దినావిడ తన దీర్ఘం తనే మింగేసిందని పాలకేంద్రం వాడే మొదట నవ్వుతాడు. ఆవిడ కుంచె రంగులో ముంచింది. ముంచి, డబ్బా అంచుకి తుడిచేసి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

ఆయన వచ్చి తల పట్టుకున్నాడు. "కాగితం పైకెళ్ళి సంతకమై వచ్చిందమ్మా. ఇప్పుడు దీర్ఘాలు తీస్తే ఎలా?"

"తియ్యమనడం లేదు సార్. పెట్టమంటున్నాను."

"మీరు రాయకపోతే ఇంకొకరితో రాయిస్తాను."

"రాయించండి. ముందు ఇది ఒక్కసారి చదవండి."

ఆయన వంగి, పెదాలు కదిపి చదివాడు. రెండోసారి నూట పన్నెండు దగ్గర ఆగాడు. "కూలి పుచ్చుకోకుండానా?" అన్నాడు. "మేము నూరు మందితో గుంట కూడా తవ్వించలేకపోతున్నామే!" కాసేపు గడ్డం గోక్కుని, "తప్పెలా జరిగిందో రాసివ్వండి. రాయి ఫొటోతో పాటు పైకి పంపుతాను" అన్నాడు.

అందరి మాటలూ దిద్దిన చేయి ఆ సాయంత్రం మొదటిసారి తన మాట రాసింది: 'చెక్కినవాళ్ళ తప్పు లేదు. దిద్దినదాన్ని నేను, తప్పు నాది.' కూతురికి చదివి వినిపించింది.

కూతురు పాపని భుజం మార్చుకుంది. "నా ఏడుపు వల్లే కదా? అయితే నా పేరూ రాయి."

"నీ ఏడుపుకి దీర్ఘాలు ఎక్కువే గాని తక్కువ లేవులే."

ఇరవై రోజులకి కాగితం తిరిగొచ్చింది, రెండక్షరాలు మారి. పలక నిలబెట్టిన పొద్దున తల్లీకూతుళ్ళు వంతెన మొదట్లో నిలబడ్డారు. కూతురు కొత్త అక్షరాలు చదివి, కింద పాత రాతి కమానుల వైపు చూసింది.

"పేరు మారిస్తే రాయి గట్టిపడుతుందా అమ్మా?"

"గట్టిపడదు. అది మొదటినుంచీ గట్టిదే. ఇన్నాళ్ళూ నువ్వెక్కకపోయినా లారీలు ఎక్కుతూనే ఉన్నాయి."

"అది నాకూ తెలుసు. తెలిస్తే సరిపోతుందా?" అంటూ కూతురు పాప వేలు పట్టి, పలక మీద దీర్ఘం మెలికలో పెట్టింది. పాప ఆ వేలు తీసి నోట్లో పెట్టుకుంది.

"రంగు ఆరిందా?" అని కంగారుగా అరిచింది కూతురు.

"మొన్ననే ఆరింది. దీర్ఘాలు తియ్యక నడువు, లాబ్‌కి టైమవుతోంది."

కూతురు వంతెన మీద అడుగు పెట్టింది.