ఇరవై నిమిషాల జెల్

మా పళ్ళ డాక్టరుని పేషెంట్లు ముద్దుగా నవ్వుల డాక్టరు అంటారు. పదకొండేళ్ళుగా ఆయన కుర్చీ పక్కన నిలబడి, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకున్నదాన్ని నేను. నన్నడిగితే ఆ మనిషికి ఉన్నదల్లా గోడ నిండా తన ఫోటోలూ, బుర్ర నిండా తొందరా. కుర్చీలో ఒక మనిషి ఊరికే కూర్చుని ఉంటే ఆయన ప్రాణం లాగేస్తుంది. పేషెంట్ల మీద తపన అనుకునేరు! సాయంత్రం ఐదింటికల్లా బాడ్మింటన్ కోర్టులో ఉండాలి, అంతే.

పళ్ళు తెల్లబరిచే ముందు జివ్వుమనకుండా ఒక జెల్ పెడతారు. మెత్తటి ప్లాస్టిక్ అచ్చులో నింపి, పళ్ళకు తొడిగి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ తర్వాతే తెల్లబరిచే మందు. మేము వాడే ట్యూబు మీద కూడా అదే రాసి ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఆయనా అలాగే ఉంచేవాడు. కొన్నాళ్ళకు అది పది నిమిషాలయింది, ఆపైన ఐదు. ఎవరైనా నొప్పితో విలవిల్లాడితే భుజం తట్టి, "జివ్వుమంటే తెల్లబడుతున్నట్టేనండీ!" అనేవాడు. సిగ్గూ శరమూ లేని మాట. వాళ్ళేమో కళ్ళనీళ్ళతో తలూపేవాళ్ళు.

అలాంటి చోటికి మా అక్క భర్తను నేనే తీసుకొచ్చాను. బావది టీ కంపెనీలో టీ రుచి చూసే ఉద్యోగం. రోజుకు వంద కప్పులకు పైగా వేడివేడిగా చెంచాతో జుర్రి, పుక్కిలించి, ఉమ్మేసి, ఏ ఆకు ఎలాంటిదో చెప్పాలి. ఇరవై రెండేళ్ళకు పళ్ళు ఇటుక రంగుకు తిరిగాయి. వచ్చే సోమవారం పెద్ద కొనుగోలుదారుల ముందు రుచి చూసి చెప్పాలి. అది నెగ్గితే పెద్ద టేస్టరు పదవి ఆయనదే.

"ఈ పళ్ళతో వాళ్ళముందు నోరెలా తెరవను మరదలా?" అన్నాడు.

"నేనున్నాగా బావా, దగ్గరుండి చేయిస్తాను" అన్నాను.

గురువారం మధ్యాహ్నం బావ పళ్ళకు అచ్చు తొడిగి గడియారం చూశాను. నాలుగు నిమిషాలైనా కాకముందే డాక్టరు వచ్చాడు.

"తీసెయ్, తుడిచెయ్."

"సార్, ఈయన వేడి టీ తాగే ఉద్యోగం..."

"అయితే?" అని కనుబొమలెగరేశాడు.

నేను నోరు మూసుకుని తుడిచేశాను.

పళ్ళు తెల్లగానే వచ్చాయి. రెండు రోజులు టీ ముట్టవద్దంటే బావ ముట్టలేదు కూడా. సోమవారం మొదటి చెంచాకే దవడ పట్టుకుని కూర్చుండిపోయాడట. మూడో కప్పు దగ్గర, అందరూ చూస్తుండగా, కాస్త చల్లారనివ్వమని బతిమాలుకున్నాడట. టేస్టరు అడగాల్సిన మాటేనా అది! పదవి ఆయనకంటే పదేళ్ళు చిన్నవాడికి పోయింది. వారం తిరిగేసరికి నొప్పి పోయింది, ఏం లాభం?

"నాకు ఆ జెల్ సరిగ్గానే పెట్టారా?" అని బావ అడిగాడు.

"పెట్టాం బావా. మీ పళ్ళే బలహీనం" అన్నాను.

మరుసటి నెల మా డాక్టరుకు ఏదో సన్మానం వచ్చిపడింది. ముందురోజు పళ్ళు తెల్లబరిపించుకోవడానికి తన కుర్చీలో తానే దర్జాగా వెనక్కి వాలాడు.

"గడియారం చూసి మరీ ఇరవై నిమిషాలు ఉంచు. ఇంకో ఐదు వేసుకో. జివ్వుమంటే నేను ఓర్చుకోలేను."

ఒళ్ళు మండిపోయింది. అంటే అన్నీ తెలిసే చేస్తున్నాడన్నమాట! నోట్లో అచ్చు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాలి బొటనవేళ్ళు ఆడిస్తూ పడుకున్న ఆ మొహాన్ని చూస్తూ ఇరవై ఐదు నిమిషాలూ మనసులో తిట్టని తిట్టు లేదు. తిడుతూనే ఒక్క నిమిషం తగ్గకుండా ఉంచాను.

పని అవగానే అక్క వాళ్ళింటికి వెళ్ళాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నాలుగు నిమిషాల సంగతీ చెప్పాను. వాడొక మనిషేనా, వాడికి పేషెంటు అంటే పురుగుతో సమానం అని అరిచాను.

"నాకు తీసేసినప్పుడే, అది చాలదని నీకు తెలుసా?" అన్నాడు బావ చివరికి.

"తెలుసు బావా."

"సరే. ఆయనకు నేనెవర్ని? రోజూ వచ్చే పదిమందిలో ఒకణ్ణి. మరి నా పళ్ళే బలహీనమని చెప్పింది ఆయనా, నువ్వా?"

సిగ్గుతో చచ్చిపోయాను.