టిఫిన్ దగ్గర మారిపోయిన మొదటి స్లయిడ్

సంబరం ఇంకా తగ్గలేదు, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను. చెరకు రైతులకు పంట ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు ఫోన్‌లోనే పంపే మా యాప్ గురించి ఈ రోజు తణుకు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో ప్రెజెంటేషన్ ఇచ్చాను. వినేది ఫీల్డ్ స్టాఫ్. ఇన్నాళ్లూ ఊరూరా తిరిగి ఆ ఆర్డర్లు రైతుల చేతికిచ్చింది వాళ్లే.

వాళ్లకి ఫోన్లు అంతగా అలవాటుండవనుకుని, ఏ బటన్ ఎక్కడుందో చూపించే స్లయిడ్లు బోలెడు చేసుకున్నాను. కాకినాడ నుంచి పెందలాడే చేరడంతో వాళ్లతోపాటే పెసరట్టు తినడానికి కూర్చున్నాను. చూస్తే అందరూ నాకంటే వేగంగా రీల్స్ తిప్పుతున్నారు! వాళ్ల దిగులల్లా, యాప్ వస్తే ఇక ఊళ్లోకి వెళ్లే పనే ఉండదేమోనని.

చెయ్యి కడుక్కుని బటన్ల స్లయిడ్లన్నీ తీసేశాను. ఆఖర్న ఎక్కడో మూలనున్న మాటను మొదటి స్లయిడ్‌లోకి తెచ్చాను: "మీరు చేలోకి వెళ్లి చెరకు చూసి సరేనంటేనే ఆర్డర్ వెళ్తుందండి." హాల్లో అది చూపించానంతే, అప్పటిదాకా వాళ్లు బిగించి కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఇక ప్రశ్నలే ప్రశ్నలు!

చివర్లో ఒక పెద్దాయన లేచారు. "రైతుగారింట్లో కాఫీ తాగామో లేదో కూడా ఇందులో ఎక్కించాలా అండి?"

"దానికి బటన్ పెట్టలేదండి."

"పెట్టకండి మేడమ్ గారూ. నాకు షుగరు. మా ఆవిడ రోజూ నా ఫోన్ చూస్తుంది."

హాలంతా నవ్వులు. వినేవాళ్ల గురించి అంతా తెలుసుకున్నాననుకున్నాను కానీ, ఆవిడ నా లెక్కలోనే లేరు. మీ ప్రెజెంటేషన్లలో ఇలా లెక్కకు అందనివాళ్లు ఎవరైనా తగిలారా?